ఎట్టి అభ్యంతరమూ లేదు

మా ఊరి మున్సిపాలిటీని నేను ఒంటిచేత్తో ఆపా. జగ్గయ్యపేటలో ఎవర్నైనా అడగండి, చెప్తారు. పొద్దున్నే ఆరుగురు మనుషులు పానాలూ పలుగులూ పట్టుకుని మా వీధి పంపు పీకడానికి వచ్చారు. వాళ్ల వెనక ట్రాక్టరు, ట్రాక్టరు వెనక పోలీసు జీపు. ఇటువైపు నేనొక్కణ్ణే. పంపు నెత్తిన కుడిచెయ్యి పెట్టి, "ముందు ఈ చెయ్యి తియ్యండి, తర్వాత పంపు తియ్యండి" అన్నా. ఒక్కడు కదిల్తే ఒట్టు. కాసేపు నిలబడి, తలొంచుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

పోలీసు జీపుని తీసెయ్యండి. అది గరికపాడు చెక్‌పోస్టుకి పోతా మా వీధి చివర మలుపు తిరిగింది, అంతే. ట్రాక్టరు కూడా పక్కింటికి ఇసక తెచ్చింది. మనుషులు ఆరుగురు కాదు, ఇద్దరు. మరి మిగతాదైనా నిజమేనా అని మీకు అనుమానం వస్తుంది. రావాలి కూడా. నెమ్మదిగా అక్కడికే వస్తున్నా.

నేను బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైనవాణ్ణి. మైకు నా చేతిలో ఉండేది. "నందిగామ, కంచికచర్ల మీదుగా విజయవాడ వెళ్లు బస్సు రెండవ ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా ఉన్నది" అని నేనంటే, బస్సు ఇంకా రాకపోయినా జనం మూటలెత్తుకుని లేచి నిలబడేవాళ్లు. రిటైరయ్యాక ఆ గొంతుకి పని లేకుండా పోయింది. అన్నానికి వస్తున్నానన్న మాట కూడా మైకులో చెప్పినట్టే చెప్తున్నానని మా ఆవిడ విసుక్కునేది. సరిగ్గా అప్పుడే మా వీధి సంఘానికి కార్యదర్శి కావాల్సొచ్చాడు. నాకు గొంతుంది, దస్తూరీ ఉంది, కావాల్సినంత తీరికుంది. వీధి వీధంతా పట్టుబట్టి నన్నెన్నుకుందని చుట్టాలకి చెప్పుకుంటా. ఆ రోజు మీటింగుకి వచ్చింది నలుగురు. మిగతా ముగ్గురూ మాకు కుదరదన్నారు.

సంఘానికి ఉన్నవి రెండే పనులు. వీధిలోవాళ్ల మాట మున్సిపల్ ఆఫీసుకి చేరవెయ్యడం, ఆఫీసువాళ్ల మాట వీధిలోకి దించడం. మొదటిదానికి తీర్మానాల పుస్తకం ఉంది, రెండోదానికి పాలకేంద్రం గోడ మీద నల్లరంగు పూసిన బోర్డు. ఆ బోర్డు మీద సుద్దముక్కతో నేను రాయని వార్త లేదు. రేపు కరెంటు ఉండదు, ఎల్లుండి పంపు రాదు, పింఛను పత్రాలు ఫలానా చోట ఇవ్వవలెను. లారీలు లేపే దుమ్ముకి పొద్దున రాసింది సాయంత్రానికి బూడిదరంగులోకి తిరిగేది, మళ్లీ దిద్దేవాణ్ణి. చేతి దురద కొద్దీ కింద ఒక ముక్క చేర్చేవాణ్ణి. వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసేవాళ్లు వస్తున్నారని ఆఫీసు నించి కబురొస్తే, దాని కింద "కావున కుక్కలు గమనించగలవు" అని రాసా. నీళ్లు ఆలస్యంగా వచ్చిన రోజున అలవాటు కొద్దీ "ఆలస్యమునకు చింతిస్తున్నాము" అని పెడితే, ఆలస్యం చేసింది నేనేననుకుని ఇద్దరు ముగ్గురు మా ఇంటికే వచ్చి తిట్టిపోయారు.

సంఘానికి అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టారు. జీవితమంతా తెలుగు చెప్పినాయన. పెళ్లి శుభలేఖ ఇచ్చినా ముందు అందులో తప్పులు దిద్ది, తర్వాత తేదీ చూస్తాడు. మీటింగులు ఆయన వరండాలోనే, నెలకో ఆదివారం పొద్దున. ఆయన ఇంటి వెనక వరసగా ఐదు అద్దె గదులున్నాయి. ఇంటికి మున్సిపాలిటీ కుళాయి ఉంది గానీ గదులకి లేదు. నాలుగడుగుల్లో వీధి పంపు ఉండగా గదులకి ఇంకో కనెక్షనెందుకన్నది మాస్టారి ఆలోచన.

ఆ ఐదు గదుల్లో మొదటిదాంట్లో ఉండే అమ్మాయి గుమ్మం ముందే బండి పెట్టుకుని ఇడ్లీలు అమ్ముతుంది. కోదాడ వైపు నించి వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి. భర్త సిమెంటు లారీ తోలతాడు, వారానికో రోజు ఇంట్లో కనపడితే గొప్ప. మనం పంపంటే ఆమె నల్లా అంటుంది, మాకూ ఆమెకీ ఉన్న తేడా అంతవరకే. పొద్దున అయిదున్నరకి వీధి పంపు వస్తే మొదటి బిందె ఆమెదే. పప్పు కడగాలన్నా, గిన్నెలు తోమాలన్నా, తినేవాళ్లకి తాగడానికివ్వాలన్నా ఆ పంపే.

ఇక తీర్మానాల పుస్తకం గురించి ఒక రహస్యం చెప్పాలి. ఇది చెప్తే మా సంఘం పరువు పోతుంది గానీ, చెప్పకపోతే మీకు కథ అర్థం కాదు. మా దగ్గర ముందు సంతకాలు, తర్వాత తీర్మానం. జనం టీ అందేదాకా కూచుంటారు, గ్లాసు కింద పెట్టగానే చెప్పులు వెతుక్కుంటారు. నేను ఆలోచించి రాసేదాకా ఎవడాగుతాడు? అందుకని టీతోపాటే పుస్తకం తిప్పేవాణ్ణి. పేజీ పైభాగం ఖాళీ, అడుగున సంతకాలు. ఇంటికెళ్లి నింపాదిగా పైన తీర్మానం రాసేవాణ్ణి. విషయం పెద్దదై చోటు చాలకపోతే చివరి నాలుగు వరసలూ చీమల బారులా వచ్చేవి. చిన్నదై చోటు మిగిలితే అధ్యక్షులవారికి ధన్యవాదాలు చెప్పి నింపేవాణ్ణి. మాస్టారు ఒక్కో నెల మూడుసార్లు ధన్యవాదాలు అందుకున్నారు.

ఆ తీర్మానాలు కూడా ఏం తీర్మానాలు? వినాయకుడి పందిరికి, మైకుకి, పెళ్లిటెంటు వీధికి అడ్డంగా వెయ్యడానికి. వీటన్నిటికీ ఆఫీసువాళ్లు అడిగేది ఒకటే, వీధివాళ్లకి ఇబ్బంది లేదని రాసివ్వమని. కాబట్టి నా తీర్మానాలన్నిటికీ తోక ఒకటే: "ఎట్టి అభ్యంతరమూ లేదని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." ఆ వాక్యం రాయడం మొదలెడితే చూడక్కర్లేదు, చెయ్యి దానంతటదే పోతుంది.

పోయిన వేసవి ముగిసే వేళ మున్సిపాలిటీ నించి ఒక లెటరొచ్చింది. ఇంటింటికీ కుళాయిలు ఇచ్చేసాం కాబట్టి వీధి పంపులు తీసేస్తున్నాం, మీ వీధివాళ్లకి అభ్యంతరముంటే పదిహేను రోజుల్లో తీర్మానం పంపండి అని. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసా. ఆ ఆదివారం మాస్టారి వరండా పట్టలేదు. టీ రెండోసారి పెట్టాల్సొచ్చింది. అందరూ ఒకేసారి మాట్లాడారు, అందరూ అన్నది మాత్రం తియ్యొద్దనే. మాస్టారైతే అందరికన్నా గట్టిగా అన్నారు, ఎందుకో ఇందాకే చెప్పా. ఇడ్లీ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి అందరూ అయ్యేదాకా ఆగి అంది:

"బాబాయ్ గారూ, నల్లా తీస్తే నా బండి తీసినట్టే. మెయిన్ రోడ్డు కాడి నించి బిందెలు మోసి నేను పిండి రుబ్బేదెప్పుడు, అమ్మేదెప్పుడు? జర గట్టిగా రాయండి."

నేను రాసిన కాగితం చదివితే ఆఫీసులో నీళ్ల ఇంజనీరుకి ముచ్చెమటలు పోస్తాయని మాటిచ్చా. పుస్తకం తిప్పా. ఇంత జనం మళ్లీ ఎప్పుడు దొరుకుతారని, పనిలో పని వచ్చే నెల పేజీ మీద కూడా సంతకాలు పెట్టించేసా.

మధ్యాహ్నం అన్నం తిని కూచున్నా. నిజం చెప్తున్నా, అంత బాగా నేనెప్పుడూ రాయలేదు. దాహం అన్నా, కన్నీరన్నా, నడివేసవిలో ఖాళీ బిందెలతో నిలబడ్డ తల్లులన్నా. ఐదు గదులవాళ్లని ఐదు కుటుంబాలని రాసి, బలం చాల్లేదనిపించి "అసంఖ్యాక కుటుంబములు" చేసా. అక్కడిదాకా రాసింది నాకు నేనే పైకి చదువుకున్నా. ఆ ఊపులో చివరికొచ్చా. తర్వాత ఏం జరిగిందో మీరు ఈపాటికి పసిగట్టేసుంటారు. నేను మాత్రం పసిగట్టలా. సోమవారం ఆ కాగితం జిరాక్సు తీసి ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకుని, దర్జాగా వచ్చి బోర్డు మీద "తీర్మానము సమర్పించబడినది" అని రాసా.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున ఇందాక చెప్పిన ఇద్దరూ పానాతో వచ్చారు. నా చెయ్యి పంపు మీద ఉన్న మాట వాస్తవం. బోర్డు రాసొచ్చి సుద్ద కడుక్కుంటున్నా. వాళ్లు పక్కకి జరగమన్నారు. ఎందుకు జరగాలన్నా. మా వీధి తీర్మానం చూళ్లేదా అన్నా. చూసామండీ, అదే తెచ్చామన్నాడు ఒకడు, జేబులోంచి జిరాక్సు తీసి. అప్పటికి బిందెలతో పదిమంది పోగయ్యారు. జనం ఉన్నారు, చేతిలో కాగితం ఉంది, అందులో అక్షరాలు నావి. నేనాగుతానా? మైకు లేకపోయినా ఉన్నట్టే మొదలెట్టా. దాహం దగ్గర ఒకావిడ అవునవునంది. తల్లుల దగ్గర ఇంకొకావిడ కొంగు కళ్లకద్దుకుంది. "కావున సదరు వీధి పంపు తొలగించుటకు మా వీధి నివాసులకు" దాకా వచ్చేసరికి నా గొంతు బస్టాండు రోజుల్లో ఎలా ఉండేదో అలా ఉంది. అదే ఊపులో "ఎట్టి అభ్యంతరమూ లేదని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది" అని వీధి మొగదల దాకా వినపడేట్టు చదివేసా.

తర్వాత పంపు కింద బిందె నిండి పొర్లుతున్న చప్పుడు ఒక్కటే వినపడింది. మాస్టారు కాగితం తీసుకుని అద్దాలు సర్దుకుని చూసారు. వాక్యంలో దోషమేమీ లేదన్నారు.

ఆ ఇద్దరూ వెనక్కి వెళ్లిపోయిన మాట కూడా వాస్తవమే. నీళ్లు వదిలిన వేళలో పంపు ఊడదియ్యడం కుదరదు, పైన వాల్వు కట్టే మనిషి ఆ రోజు సెలవు. బండి దగ్గర తలో నాలుగిడ్లీలు తిని, శనివారం వస్తామని చెప్పి వెళ్లారు.

ఆ రోజంతా నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్తా. ఆఫీసువాళ్లే కాగితం మార్చేసారని వీధంతా తిరిగి చెప్పా. మాస్టారు నమ్మారు, పాలకేంద్రంవాడు నమ్మాడు, సాయంత్రానికి నేను కూడా నమ్మడం మొదలెట్టా. అప్పుడు ఇడ్లీ అమ్మాయి మా ఇంటికొచ్చి, బాబాయ్ గారూ పుస్తకం చూపించండంది. పుస్తకం బీరువాలో ఉంది, తాళంచెవి కనపడ్డంలేదన్నా. బీరువాకి తాళమే లేదని లోపల్నించి మా ఆవిడంది. పుస్తకం బయటికొచ్చింది. ఆ చివరి వరస ఉంది, నా దస్తూరీలోనే ఉంది, అడుగున అందరితోపాటు ఆ అమ్మాయి సంతకమూ ఉంది. నా బండి తీసెయ్యమని నా చేతే సంతకం పెట్టించారు కదా అని ఆమె ఒక్క మాట అంటే నాకు తేలిగ్గా ఉండేది. నీళ్ల ఇంజనీరు ఎక్కడుంటాడని మాత్రం అడిగింది.

ఆయనకి ఆ రోజుల్లో నందిగామ పని కూడా అదనంగా అప్పజెప్పారు, శుక్రవారాలు అక్కడే. మర్నాడు శుక్రవారం. ఆమె బండి మూసేసింది, నేను పుస్తకం చంకన పెట్టుకున్నా, మాస్టారికి మోకాళ్ల నొప్పి వచ్చింది. ఇద్దరం బస్సెక్కాం. చిల్లకల్లు దాటిందగ్గర్నించీ ఇంజనీరు ముందు నేను ఎలా గర్జించబోతున్నానో చెప్పుకొచ్చా. ప్రజాస్వామ్యమంటా, గాలీ నీరూ అందరివంటా, అవసరమైతే బల్ల గుద్దుతా. ఆమె కిటికీలోంచి చూస్తా ఊఁ కొడుతుంది. ఇవాళ బేరం పోయిందని దిగులు పడుతుందో, నా మాటలు వింటుందో తెలియలా.

ఇంజనీరు కుర్రతనం పోని మనిషి, నెమ్మదస్తుడు. కాగితం ముందు పెట్టుకుని అడిగాడు: ఇందులో అభ్యంతరం లేదన్నారు, ఇప్పుడు ఉందంటున్నారు, ఇంతమంది సంతకాలు చేసారు, నేను దేన్ని నమ్మాలి? నేను గర్జించడానికి గొంతు సవరించుకున్నా. బయటికి దగ్గొచ్చింది. కలం జారిందండి, వయసండి, అని ఏదో అన్నా. కలం జారితే ఒక అక్షరం పోతుంది గానీ ఒక వాక్యం ఎలా వస్తుందన్నాడాయన. నేను పుస్తకాన్ని చంకలో ఇంకాస్త బిగించా.

ఆమె నా చంకలోంచి పుస్తకం లాక్కుని బల్ల మీద తెరిచింది.

"సార్, ఈ సంతకం నాదే. నేను పెట్టినప్పుడు పైన ఏం లేదు. తెల్లకాగితం. మా వీధిలో అందరం అట్లనే పెడతాం, బాబాయ్ గారు తర్వాత రాసుకుంటాడు."

అక్కడితో ఆగితే బాగుండేది. పేజీ తిప్పింది. వచ్చే నెల మీటింగు బయటపడింది, అడుగున ఇరవై ఏడు సంతకాలతో, పైన నున్నగా. ఇంజనీరు దాన్ని చూసాడు, నన్ను చూసాడు. దీని మీద ఏం రాద్దామనుకుంటున్నారండీ అనడిగాడు. వచ్చే నెల ఏమొస్తే అది అన్నా. అంతకన్నా ఏం చెప్పను? ఆయన నవ్వాపుకోలేక కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, ముందు రాయండి, రాసింది చదివి వినిపించండి, ఆ తర్వాత సంతకాలు తీసుకోండి, అది తెస్తే ఈ పాత తీర్మానం పక్కన పెడతానన్నాడు. ఆమెని కూచోబెట్టి గదులెన్ని, కనెక్షన్ ఎందుకు లేదని వివరంగా అడిగి రాసుకున్నాడు. ఆ అడగడం, రాసుకోవడం జరుగుతుండగా నేను బయట చెట్టు కింద నీళ్లు తాగుతున్నా. దాహం నిజంగానే వేసింది.

కొత్త తీర్మానం మూడు వరసలు. ఆమె చెప్పింది, నేను రాసా, ఈసారి ఆ రాత్రే వరండాలో చదివి వినిపించాకే సంతకాలు. దాహం లేదు, తల్లులు లేరు. శనివారం ఆఫీసు తెరవగానే ఇచ్చొచ్చా, పానావాళ్లు రాలేదు. ఆ సాయంత్రమే బోర్డు తుడిచి, ఉన్నవాటిలోకెల్లా లావు సుద్దముక్క తీసుకుని రాసా: "విజయము. మన వీధి పంపు తీయబడదు. ప్రజలు గమనించగలరు." జనం ఆగి చదివి నాకు దణ్ణం పెట్టి పోతుంటే, ఒంటిచెయ్యి కథ అక్కడ మొలకేసింది. తర్వాత దాన్ని నేను రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ వచ్చా. వర్షాలొచ్చి పోయినా ఆ ఒక్క నోటీసు మాత్రం చెరిగినప్పుడల్లా దిద్దుతూనే ఉన్నా.

ఇదంతా రాసి, మొన్న పొద్దున బేరం పల్చబడ్డాక బండి దగ్గర స్టూలు మీద కూచుని ఆ అమ్మాయికి చదివి వినిపించా. ఆమె గిన్నెలు కడుగుతా విన్నది. జీపు దగ్గర నవ్వింది, కుక్కల దగ్గర నవ్వింది, వచ్చే నెల పేజీ దగ్గర గిన్నె వదిలేసి నవ్వింది. "అలా మా పంపు మాకు దక్కింది" అని ముగించి కాగితాలు మడిచా. మెచ్చుకుంటుందని చూస్తున్నా.

"దక్కిందని మీకెవరు చెప్పారు?" అంది.

ఇంజనీరే కదా అన్నా.

"ఆ సార్ చెప్పేటప్పుడు మీరు చెట్టు కిందున్నారు. గదులకి కనెక్షన్ వచ్చేదాకా తియ్యనన్నాడు, అది కూడా మాస్టారు మూడు నెలల్లో అర్జీ పెట్టుకుంటేనే. నేను అదే రోజు తిరుగు బస్సులో మీకు చెప్పిన. మీరు బోర్డు మీద తీయబడదని రాసారు. నేనెంత అడిగినా మాస్టారు అదే చూపించి, ఇంకేం తొందరని అర్జీ పెట్టలేదు. మూడు నెల్లు ఈ నెలాఖరుకి ఐపోతయ్. మీ కథ బాగానే ఉంది బాబాయ్ గారూ. లేచి ముందు ఆ బోర్డు తుడవండి."